పేరుకు పెన్షను లేదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం ఈ సభ జరుపుకుంటాం. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను అనేది యజమాని దయతలచి పడేసే భిక్ష కాదు, చేసిన సేవకు ఉద్యోగికి దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఆ విషయం మీద నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుకే కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మాస్టారూ, డి.ఆర్. బకాయిల మీద మాట్లాడేవారు ముగ్గురున్నారు, హెల్త్ కార్డుల మీద ఇద్దరున్నారు. మీరు కాస్త నవ్వు మీద మాట్లాడండి" అన్నారు. బకాయిల గురించి విన్న తర్వాత సభ్యులకు నవ్వు అవసరమవుతుందని ఆయన ముందుచూపు.

నేను విమర్శకుణ్ణి కాను, కళాకారుణ్ణి అంతకన్నా కాను. ముప్ఫై అయిదేళ్ళు గుమాస్తాగా పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన విద్య సర్వీసు రిజిస్టరు చదవడం ఒక్కటే. ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ చేరాడు, ఎప్పుడు ప్రమోషను వచ్చింది, చివర ఏం మిగిలింది అన్నవి చూడగలను. ఈ రోజు మన తెలుగు సినిమా హాస్యనటుల సర్వీసు రిజిస్టర్లు కొన్ని మీ ముందు విప్పుతాను. వాళ్ళు ఎలా పెరిగారు, పేరు వచ్చాక ఏం జరిగింది, పేరు తగ్గాక ఏం జరిగింది అన్న మూడు కాలమ్స్ చూద్దాం. మూడో కాలమ్ మనందరికీ పనికివస్తుందని నా నమ్మకం.

మొదటి కాలమ్: పెరిగిన తీరు

మొదట రేలంగి వెంకట్రామయ్య గారు. 1910లో పుట్టారు. తూర్పు గోదావరి జిల్లా మనిషి. ఇంట్లో సంగీతం, హరికథల వాతావరణం ఉండేది. చదువు మీద కన్నా నాటకాల మీద మనసు ఎక్కువ. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. ఎస్.వి. రంగారావు గారు, అంజలీదేవి గారు కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవారే. రేలంగి గారు 1935లో సి. పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం'లో మొదటిసారి తెరమీద కనిపించారు. జనం ఆయనను నిజంగా గుర్తుపట్టింది 1949లో, 'గుణసుందరి కథ' వచ్చాక. ఈ పద్నాలుగేళ్ళూ పుల్లయ్య గారి దగ్గర ఏ పని చెబితే ఆ పని చేస్తూ, చిన్నచిన్న వేషాలు వేస్తూ గడిపారు. మన శాఖల్లో ప్రొబేషను డిక్లేర్ చేయడానికి మూడేళ్ళు పడితేనే ట్రిబ్యునల్‌కి వెళ్ళేవాళ్ళం. ఆయన ప్రొబేషను పద్నాలుగేళ్ళు. ఏ ట్రిబ్యునలూ లేదు.

ఆయన పక్కన కట్టెపుల్లలా నిలబడే రమణారెడ్డి గారిది నెల్లూరు జిల్లా జగదేవిపేట. సినిమాల్లోకి రాకముందు ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. అంటే మన బాపతే! 'మాయాబజార్'లో చిన్నమయ్యగా మాయలు చేసిన పెద్దమనిషి అంతకుముందు మురుగుకాల్వలు తనిఖీ చేసి రిపోర్టులు రాసినవాడు. మునిసిపాలిటీలో పనిచేసిన మిత్రులు ఇక్కడ నలుగురున్నారు, వారు కాస్త గర్వంగా కూర్చోవచ్చు. ఆయనకు ఇంద్రజాలం కూడా వచ్చు. మంచి పనులకు నిధులు కావాలంటే మేజిక్ ప్రదర్శనలు ఇచ్చేవారు.

అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు. 1922లో పుట్టారు. గరికపాటి రాజారావు గారి 'పుట్టిల్లు' 1953లో వచ్చింది, అదే ఆయనకు మొదటి సినిమా. ఒక చేత్తో నటన, ఒక చేత్తో హోమియో మందులు. సినిమాలో పిసినారి, తగవులమారి, కపట సన్యాసి వంటి వేషాలు వేసి, ఇంటికి వచ్చి జనానికి మందు ఇచ్చేవారు.

రాజబాబు గారి అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు, ఊరు రాజమండ్రి. బుర్రకథ నేర్చుకున్నారు, బడిలో పాఠాలు చెప్పారు. నాటకంలో చూసిన గరికపాటి రాజారావు గారు ప్రోత్సహిస్తే మద్రాసు రైలెక్కారు. అక్కడ వేషాలు దొరికేదాకా పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని పొట్టపోసుకున్నారు.

ఇక మన పిల్లలకు కూడా తెలిసిన బ్రహ్మానందం గారు. అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెం. పేదరికంలో పుట్టి, తలా ఒక చేయి వేస్తే ఎం.ఏ. తెలుగు చదివి, అత్తిలిలో లెక్చరరయ్యారు. 2023లో 'నేను మీ బ్రహ్మానందమ్' అని తన ఆత్మకథ తెచ్చారు. ఎం.ఎస్. నారాయణ గారు కూడా తెలుగు లెక్చరరే, భీమవరంలో. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. 'ఆనందో బ్రహ్మ'తో దూరదర్శన్‌లో మనందరినీ నవ్వించిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ప్రభుత్వోద్యోగి.

చూశారా? శానిటరీ ఇన్‌స్పెక్టరు, పంతులు, లెక్చరరు, బ్యాంకు ఉద్యోగి, ప్రభుత్వోద్యోగి. మనల్ని నవ్వించినవాళ్ళు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. నెలాఖరుకి కిరాణా కొట్టువాడికి ఎదురుపడకుండా వేరే సందులోంచి వెళ్ళిన ఇళ్ళలోంచే వచ్చారు. అందుకే వాళ్ళు పిసినారి వేషం వేసినా, అప్పులవాడి వేషం వేసినా మనకు మన మేనమామో, పక్కింటాయనో కనిపించాడు.

రెండో కాలమ్: పేరు వచ్చాక

పేరు అంటే ఏమిటో నేను చిన్నతనంలో చూశాను. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. నాకు అప్పటికి పన్నెండేళ్ళు. నేల టిక్కెట్టులో, ఇసుక పోగుచేసుకుని, దాని మీద కూర్చుని చూశాను. రామారావు గారికి అది నూరవ చిత్రం, నాగేశ్వరరావు గారికి తొంభైతొమ్మిదవది. అంతటి ఇద్దరు హీరోలుంటే, సినిమాకి పేరు సూర్యకాంతం గారి పాత్రది పెట్టారు! నాగిరెడ్డి–చక్రపాణి గార్ల ధైర్యం అది, ఆవిడ సత్తా అది.

ఆ పేరుకి ఆవిడ కట్టిన పన్ను ఏమిటో మీకందరికీ తెలుసు. తెలుగునాట ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేశారు. నిజానికి ఎంత చక్కని పేరు! ఆవిడ ఎంత మెత్తని మనిషో, షూటింగుకి ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ ఎలా పెట్టేదో ఆవిడతో పనిచేసినవారు చెబుతూనే ఉన్నారు. అయినా ఊళ్ళో కోడళ్ళు మాత్రం "మా ఇంట్లో ఒక సూర్యకాంతం ఉంది" అనడం మానలేదు. ఇక్కడ కూర్చున్న అత్తగార్లు నన్ను క్షమించాలి.

'పాతాళభైరవి' 1951లో వచ్చింది. అందులో అంజిగాడి వేషం వేసిన బాలకృష్ణ గారిని ఆ తర్వాత జనం జీవితాంతం అంజిగాడనే పిలిచారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రికార్డుల్లో మిగిలింది. 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట'లో బ్రహ్మానందం గారు అరగుండు అయ్యారు. నిన్నటిదాకా క్లాసులో ఛందస్సు చెప్పిన లెక్చరరు గారిని ఊరూరా అరగుండు అని పిలిచారు. ఆయన ఆ పిలుపుకి నవ్వుతూ పలికారు. వెయ్యికి పైగా సినిమాలు చేశారు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు, 2009లో పద్మశ్రీ అందుకున్నారు.

మన కాలంలో అభిమానం అంటే మద్రాసుకి ఒక కార్డు రాసి, సంతకం చేసిన ఫోటో కోసం పోస్టుమాన్ దారి చూడడం. 'విజయచిత్ర'లో వచ్చిన బొమ్మ కత్తిరించి మంగలి షాపులో అంటించడం. ఇప్పుడు అభిమానం అంటే మెడ చుట్టూ చెయ్యి వేసి సెల్ఫీ తీసుకోవడం. నటుడు ఆస్పత్రి నుంచి వస్తున్నా, ఎవరినో పోగొట్టుకుని శ్మశానం నుంచి వస్తున్నా, "సార్, ఒక్క ఫోటో" అంటారు. నవ్వించేవాడికి ఏడ్చే హక్కు లేదనుకుంటారు.

బ్రహ్మానందం గారి ముఖమైతే ఇప్పుడు మాట్లాడే భాష అయిపోయింది. మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "పి.ఆర్.సి. ఫైలు కదిలిందట" అని పెట్టగానే ఒక్క మాట కూడా లేకుండా ఆయన బొమ్మ ఒకటి వస్తుంది. పంపేది ఎవరో నేను చెప్పను, ఆయన మూడో వరసలో కూర్చుని ఉన్నారు.

మిత్రులారా, నవ్వకండి. పేరు రుచి మనకీ కొంత తెలుసు. నేను కొన్నేళ్ళు జీతాల బిల్లు సీటు చూశాను. ఇరవయ్యో తేదీ దాటిందంటే నా టేబులు చుట్టూ జనమే. "గురువు గారూ, టీ తాగుదాం రండి", "అన్నయ్య గారూ, పాప పుట్టినరోజు, స్వీటు తీసుకోండి." ఇంక్రిమెంటు ఎరియర్సు ఉన్నవాళ్ళు మా ఆవిడ ఆరోగ్యం కూడా అడిగేవారు. తర్వాత నన్ను టపా సీటుకి మార్చారు. గది అదే, కుర్చీ మూడు గజాల దూరం జరిగింది, అంతే. మర్నాటి నుంచి టీ కోసం నేనే వెళ్ళవలసి వచ్చింది. ఆ నమస్కారాలు నావి కావు, సీటువి అని ఆ రోజు అర్థమైంది. సినిమావాళ్ళ సీటు కాస్త పెద్దది. జరిగినప్పుడు తగిలే దెబ్బ కూడా పెద్దదే.

మూడో కాలమ్: పేరు తగ్గాక

'గుణసుందరి కథ' సంగతి మళ్ళీ ఒకసారి చూడండి. అందులో కథానాయకుడు కస్తూరి శివరావు గారు. మూకీ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పిన మనిషి. తెలుగులో హాస్యనటుడు కూడా స్టారు కాగలడని మొదట చూపించినవాడు. 1950లో 'పరమానందయ్య శిష్యులు' తానే తీశారు. అదే 'గుణసుందరి కథ'లో అల్లుళ్ళలో ఒకరిగా రేలంగి గారు ఉన్నారు. ఒకే సినిమాలో ఒకాయన శిఖరం మీద ఉన్నారు, ఇంకొకాయన మెట్లెక్కుతున్నారు. కొద్ది సంవత్సరాల్లో తారుమారైంది. శివరావు గారు 1966లో పోయారు. అప్పటికి ఆ వెలుగంతా తగ్గిపోయింది. ఈనాటి పిల్లలను అడిగితే ఆయన పేరే తెలియదు.

పద్మనాభం గారిది కడప జిల్లా సింహాద్రిపురం. హాస్యనటుడిగా సంపాదించినది నిర్మాణంలో పెట్టారు. 'దేవత' తీశారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి చేత మొట్టమొదట పాడించింది ఆయనే. తర్వాత నిర్మాతగా బాగా నష్టపోయారు. కానీ బాలు గారి పాట వినబడ్డ ప్రతి ఇంట్లో పద్మనాభం గారు పెట్టిన దీపం వెలుగుతూనే ఉందని నేననుకుంటాను.

రేలంగి గారు 1970లో పద్మశ్రీ అందుకున్నారు. తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టుకున్నారు, 1975లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. రమణారెడ్డి గారు అంతకు ఏడాది ముందే, 1974లో వెళ్ళిపోయారు. జంట అంటే అదీ. అల్లు వారు 2004 దాకా ఉన్నారు. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఆయన వేషాలు మరచిపోయినవాళ్ళు కూడా అక్కడ మందు తెచ్చుకుంటారు.

ఇక రాజబాబు గారు. ఆయన గురించి చెప్పడానికే ఇంతసేపూ మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఆయన చేతినిండా సినిమాలున్న రోజుల్లో, తన పుట్టినరోజుకి తనకు దండలు వేయించుకోకుండా, పాతతరం కళాకారులను పిలిచి సన్మానించేవారు. వెలుగు తన మీద ఉండగానే, వెలుగు తగ్గినవాళ్ళను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. దాసరి నారాయణరావు గారు మొదటిసారి దర్శకత్వం వహించిన 'తాత మనవడు'లో ఎస్.వి. రంగారావు గారు తాత, ఈయన మనవడు. పెద్దవాళ్ళను పట్టించుకోని కొడుకు ఉన్న ఇంట్లో తాత పక్షాన నిలబడే మనవడు. ఆ వేషం ఆయన తెరమీద ఒకసారి వేశారు, బయట ఏటేటా వేశారు. 1983లో నడివయసులోనే పోయారు. మనలాగా పెన్షను వయసు చూడలేదు.

ఒక లైఫ్ సర్టిఫికెట్ కథ

కోట శ్రీనివాసరావు గారి విషయం ఒకటి చెప్పి ముగింపుకి వస్తాను. 2023 మార్చిలో ఆయన పోయారని ఎవరో ఫోనుల్లో పుకారు లేపారు. ఊరూ వాడా పాకింది. చివరికి ఆయనే వీడియోలో కనిపించి, నేను బాగానే ఉన్నానయ్యా అని చెప్పుకోవలసి వచ్చింది. మనం ఏటా ఒకసారి ట్రెజరీకో బ్యాంకుకో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. పాపం ఆయన యావత్ ఆంధ్ర, తెలంగాణ ప్రజలకూ ఇచ్చారు, అదీ గెజిటెడ్ ఆఫీసరు సంతకం లేకుండా! ఆయన నిజంగా వెళ్ళిపోయింది 2025 జులైలో.

పాత ట్రెజరీ జోకు ఒకటి మీకు తెలిసినదే. పెన్షనరు ఈ ఏడాది సర్టిఫికెట్ ఇచ్చాడట. గుమాస్తా చూసి, "ఈ ఏడు బతికున్నట్టు ఉంది సరే, పోయిన ఏడు బతికున్నట్టు కాగితమేదీ?" అన్నాడట. మనం దానికి నలభై ఏళ్ళుగా నవ్వుతున్నాం. కానీ ఆలోచించండి. ఇప్పుడు ఫోనుకి ముఖం చూపిస్తే చాలు, బతికున్నట్టు యంత్రమే ఒప్పుకుంటుంది. మంచిదే, మెట్లెక్కే బాధ తప్పింది. అయితే ఆ మెట్ల దగ్గరే కదా మనం ఏడాదికొకసారి ఒకరినొకరు చూసుకునేది! "ఫలానా ఆయన రాలేదేం?" అని అడిగేది అక్కడే. ఇప్పుడు ఆయన బతికున్నాడని ప్రభుత్వానికి తెలుసు, మనకి తెలియదు.

2023లోనే కృష్ణవంశీ గారి 'రంగమార్తాండ' వచ్చింది. రంగస్థలం నుంచి విరమించుకున్న ఒక మహానటుడి కథ. చప్పట్లు ఆగిపోయాక సొంత పిల్లల ఇళ్ళలోనే ఆయన ఎలా బరువైపోయాడో చూపించారు. అందులో ఆయన స్నేహితుడుగా బ్రహ్మానందం గారు వేశారు. జీవితమంతా నవ్వించిన మనిషి ఆ సినిమాలో ఏడిపించారు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ, "మా ఇంటికి ఎవరూ రారండీ" అన్నాడు. సినిమా గురించి కాదు, తన గురించి. ఆయన ఏ శాఖలో చేశాడో, ఏ హోదాలో చేశాడో నేను అడగలేదు. ఆ మాట విన్న తర్వాత అది అడగవలసిన ప్రశ్నగా తోచలేదు.

అయ్యా, ఇదీ నేను చెప్పదలచుకున్నది. మన పెన్షనుకి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పేరుకి ఏ తీర్పూ లేదు. సీటు పోయిన మర్నాటి నుంచి ఆ నమస్కారాలు ఆగిపోతాయి, సినిమాస్టారుకైనా, తహసీల్దారుకైనా, టపా గుమాస్తాకైనా. దాని కోసం ఎవరి మీదా కోపగించుకోనక్కర్లేదు. కానీ రాజబాబు గారు చేసిన పని మనం చేయవచ్చు. దానికి జి.వో. అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

నా ప్రతిపాదన ఇది. మన సంఘంలో మంచం పట్టినవారు, ఎనభై దాటినవారు, ఒంటరిగా ఉన్న ఫ్యామిలీ పెన్షనరు సోదరీమణులు ఎవరెవరున్నారో కార్యదర్శి గారి రిజిస్టరులో ఉంది. కాలు కదపగలిగిన ప్రతి సభ్యుడు అందులోంచి ఒక్క పేరు తీసుకోవాలి. నెలకొకసారి ఆ ఇంటికి వెళ్ళాలి. శాలువా, దండ తీసుకెళ్ళవద్దు, అవి చూస్తే పెద్దవాళ్ళు భయపడతారు. రెండు అరటిపళ్ళు తీసుకెళ్ళండి. కూర్చుని, ఆయన ఏ సెక్షనులో చేశారో, చిన్నప్పుడు ఏ సినిమా ఏ హాల్లో చూశారో అడగండి. రేలంగి గొప్పా, రాజబాబు గొప్పా అని ఒక తగువు పెట్టండి. గంటసేపు ఆయనే మాట్లాడతారు. పిల్లలూ, మీరు కూడా తాతగారితో వెళ్ళండి. ఫోనులో బ్రహ్మానందం గారి బొమ్మ ఒకటి ఆ పెద్దాయనకి చూపించండి, ఆయన మీకు కస్తూరి శివరావు ఎవరో చెబుతారు.

ఈ ప్రతిపాదన మీకు సమ్మతమైతే కార్యదర్శి గారి దగ్గర కాగితం ఉంది, పేర్లు రాయించండి. మొదటి పేరు నేను తీసుకున్నాను, ఈ ఆదివారం వెళుతున్నాను.



— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు